పంటి ఎక్స్‌రేకు ఎంత కిరణం చాలు?
కొలత చూసేది యంత్రమా, మనిషా?

పన్ను పోటు పగటికంటే రాత్రి ఎక్కువ. లవంగం నూనె పెట్టి, ఉప్పునీళ్ళు పుక్కిలించి, ఎలాగో తెల్లవార్చి మొదటి బస్సుకు పట్నం వెళతాం. పళ్ళ డాక్టరు నోరు చూసి చెప్పే మొదటి మాట: "ఒక ఎక్స్‌రే తీయాలి." ఇక్కడ మనవాళ్ళు రెండు రకాలుగా చీలిపోతారు. కొందరు "ఆ కిరణాలు ఒంటికి మంచివి కావట" అని భయపడి, నాలుగు నొప్పి బిళ్ళలు కొనుక్కొని ఇంటిదారి పడతారు. నెల తిరిగేసరికి దవడ వాచి మళ్ళీ అదే ఆస్పత్రికి వస్తారు. మరికొందరు ఎన్ని ఎక్స్‌రేలు తీస్తే వైద్యం అంత గట్టిదనుకుంటారు. నిరుడు తీసిన బొమ్మ ఇంట్లో వున్నా చెప్పరు. మళ్ళీ తీయించుకుంటారు.

ఇద్దరిదీ పొరపాటే. అవసరమైన ఎక్స్‌రే మానుకోకూడదు. తీసిన ఎక్స్‌రేలో అవసరానికి మించిన కిరణం పడకూడదు. మరి అవసరం ఎంత అన్నది ఎవరు తేలుస్తారు? ఛాతీ ఎక్స్‌రే యంత్రాల్లో చాలావాటికి ఆ కొలత తనంతట తానే చూసుకునే ఏర్పాటు వుంది. పన్నుకు తీసే చిన్న యంత్రాల్లో చాలావాటికి లేదు. అక్కడ కొలత వేసేది మీట నొక్కే మనిషి. ఈ తేడా తెలిస్తే, ముఖ్యంగా పిల్లలను తీసుకువెళ్ళినప్పుడు, ఏం అడగాలో తెలుస్తుంది.

కిరణం చేసే పని

దీపం వెలుగు చెంప దగ్గరే ఆగిపోతుంది. ఎక్స్‌రే కిరణం చెంపను దాటి లోపలికి పోతుంది. పన్ను, ఎముక గట్టివి కనుక కిరణాన్ని చాలావరకు ఆపుతాయి. చిగురు, చెంప మెత్తనివి కనుక వదిలేస్తాయి. పంటి వెనక నోట్లో పెట్టిన చిన్న ఫిలిం మీద కిరణం తగిలినచోట నలుపు, తగలనిచోట తెలుపు వస్తుంది. పన్ను పుచ్చిపోయిన భాగం గుల్ల కాబట్టి తెల్లటి పంటిలో నల్లటి మచ్చగా కనిపిస్తుంది. వేరు చివర చీము చేరితే అక్కడా నల్లని నీడ పడుతుంది. రెండు పళ్ళ మధ్య దాగిన పుచ్చును ఎంత అనుభవమున్న డాక్టరైనా ఉత్త కంటితో పట్టలేకపోవచ్చు. రూట్ కెనాల్ చేసేటప్పుడు వేరు పొడవెంత, మందు చివరి దాకా చేరిందా అన్నది చూడటానికీ బొమ్మ కావాలి. అందుకే ఆ ఒక్క పంటికే మూడు నాలుగుసార్లు తీయవలసి రావచ్చు. అది దుబారా కాదు.

కిరణం తక్కువ పడితే బొమ్మ తెల్లగా వెలవెలబోతుంది, ఏమీ తెలియదు. ఎక్కువ పడితే మొత్తం నల్లబడి పుచ్చుకూ మంచి పంటికీ తేడా తెలియదు. పెద్దవాడి దవడకు చాలిన కిరణం ఆరేళ్ళ పిల్లవాడికి ఎక్కువ. ముందు పంటికి చాలినది వెనక నమిలే పంటికి చాలదు. అన్నం వండేవాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. కొత్త బియ్యానికి ఒక ఎసరు, పాత బియ్యానికి ఒక ఎసరు.

ఇరవై అయిదు నిమిషాల బొమ్మ

జర్మనీలోని వూర్జ్‌బర్గ్ పట్నంలో 1895 నవంబరు 8న రాంట్‌జెన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ కిరణాలను కనిపెట్టాడు. రెండు మూడు నెలలైనా గడవకముందే, 1896 జనవరిలో, అదే దేశానికి చెందిన ఒట్టో వాల్కాఫ్ అనే దంతవైద్యుడు తన పళ్ళకే బొమ్మ తీయించుకున్నాడు. గాజుపలక ముక్కకు నల్లకాగితం చుట్టి నోట్లో పెట్టుకొని 25 నిమిషాలు కదలకుండా వుండవలసి వచ్చింది. అంటే 1500 సెకన్లు. ఇప్పుడు సెకనులో కొద్ది భాగంతోనే పని అయిపోతుంది.

ఆ రోజుల్లో కొలత అన్నదే లేదు. యంత్రం నుంచి కిరణం సరిగా వస్తున్నదా లేదా అని తెలుసుకోవటానికి చాలామంది వైద్యులు తమ చేతినే అడ్డం పెట్టి చూసుకునేవారు. వేళ్ళ ఎముకలు స్పష్టంగా కనపడితే యంత్రం కుదిరినట్టు. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ నగరపు దంతవైద్యుడు ఎడ్మండ్ కెల్స్ ఏళ్ళ తరబడి అలాగే చేశాడు. పళ్ళ వైద్యంలో ఎక్స్‌రేను ప్రచారంలోకి తెచ్చిన మొదటివాళ్ళలో ఆయన ఒకడు. కాలం గడిచాక ఆ చేతికి క్యాన్సరు పట్టింది. మొదట వేళ్ళు, తరువాత చెయ్యి, ఆ పైన భుజం దాకా కోసివేయవలసి వచ్చింది. ఆ బాధలోనే 1928లో ఆయన బతుకు ముగిసింది.

ప్రమాదాన్ని ముందే పసిగట్టినవాడూ పళ్ళ వైద్యుడే. బోస్టన్ నగరంలోని విలియం రాలిన్స్ 1901లో గినీపందుల మీద పరీక్షలు చేసి, ఈ కిరణాలు ప్రాణం తీయగలవని రాశాడు. కిరణం వచ్చే గొట్టాన్ని సీసపు పెట్టెలో వుంచాలనీ, కావలసినచోట తప్ప మరెక్కడా పడనీయకూడదనీ చెప్పాడు. అప్పట్లో ఆయన మాట విన్నవాళ్ళు తక్కువ. ఈనాడు ప్రపంచమంతా పాటిస్తున్నది ఆ పద్ధతినే.

మడికి నీళ్ళు కట్టినట్టు

మడికి నీళ్ళు పెట్టే రైతు గడియారం చూడడు. అవతలి గట్టుకు నీరు తగిలిందా అన్నది చూస్తాడు. తగలగానే మడవ కట్టి పక్క మడికి తిప్పుతాడు. ఎండిన మడి ఎక్కువసేపు తాగుతుంది, తడి మడికి తొందరగా సరిపోతుంది. రైతు చూసేది ఎంతసేపు పారిందన్నది కాదు, చివరికి ఎంత చేరిందన్నది.

ఎక్స్‌రేలో తనంతట తానే ఆగే ఏర్పాటు సరిగ్గా ఇదే. రోగి ఒంటికి అవతలి వైపు, ఫిలిం దగ్గర, ఒక కొలత పరికరం వుంటుంది. ఒంటిని దాటి వచ్చిన కిరణాన్ని అది లెక్క కడుతూ వుంటుంది. బొమ్మకు చాలినంత చేరిన క్షణాన యంత్రానికి వెళ్ళే కరెంటు ఆగిపోతుంది. బక్కమనిషికి చప్పున ఆగుతుంది. లావుమనిషికి కాస్త ఆలస్యంగా ఆగుతుంది. మీట నొక్కేవాడు ఎవరైనా కొలత తప్పదు.

1940 తరువాతి ఏళ్ళలో అమెరికాలో క్షయ రోగాన్ని పట్టుకోవటానికి వేలాదిమందిని వరసలో నిలబెట్టి ఛాతీ ఎక్స్‌రేలు తీసేవారు. ఒకడు సన్నం, ఒకడు లావు. ఒక్కొక్కరికీ లెక్కవేసి తీసే తీరిక లేదు. రస్సెల్ మోర్గాన్ అనే వైద్యుడు వెలుగును కొలిచే సాధనంతో తనంతట తానే ఆగే ఎక్స్‌రేను అప్పుడే వాడుకలోకి తెచ్చాడు. ఇప్పుడు పెద్దాస్పత్రుల్లో ఛాతీ ఎక్స్‌రే తీసే పలక వెనక సాధారణంగా మూడు పలుచని కొలత గదులు వుంటాయి. కుడి ఊపిరితిత్తికి ఒకటి, ఎడమదానికి ఒకటి, నడుమ ఒకటి. రోగి వాటికి ఎదురుగా సరిగా నిలబడకపోతే మాత్రం ఈ యంత్రమూ మోసపోతుంది.

నోట్లో ఎందుకు కుదరలేదు?

పంటి బొమ్మకు పెద్దవాళ్ళకు వాడే మామూలు ఫిలిం మూడు సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల పొడవు వుంటుంది. అదే నోట్లో పట్టటం కష్టం. నాలుకకు తగిలి వాంతి వచ్చినట్టవుతుంది. దాని వెనక ఇంకో కొలత పరికరం పెట్టే చోటేదీ? అందుకని పంటి యంత్రాల్లో గడియారం పద్ధతే నిలిచిపోయింది. ఇన్ని క్షణాలు అని పెడితే అన్ని క్షణాలు కిరణం వస్తుంది, ఆగుతుంది. ఎదురుగా వున్నది పెద్దవాడా, పసివాడా అన్నది దానికి తెలియదు.

ఈ చిన్న యంత్రాల్లో చాలావాటికి కిరణం పదును, జోరు తయారీలోనే స్థిరపరిచి వుంటాయి. మార్చగలిగింది కాలం ఒక్కటే. కాలం రెట్టింపు చేస్తే ఒంటికి తగిలే కిరణమూ రెట్టింపే. యంత్రం మీద పెద్దమనిషి బొమ్మ ఒకటి, పిల్లవాడి బొమ్మ ఒకటి, ముందు పన్ను, వెనక పన్ను, పై దవడ, కింది దవడ అని బటన్లు వుంటాయి. సరైన బటను నొక్కితే సరైన కాలం వస్తుంది. మీట నొక్కేవాడు పొద్దుటి నుంచి పెద్దవాళ్ళకు తీస్తూ వుండి, పిల్లవాడు కూర్చున్నాక బటను మార్చటం మరిచిపోతే ఆ పిల్లవాడికీ పెద్దవాడి కొలతే పడుతుంది. యంత్రం అడ్డు చెప్పదు.

కొన్ని కొత్తరకం యంత్రాల్లో నోట్లో పెట్టే పలకే కొలత కూడా చూసి, చాలినంత అందగానే కిరణాన్ని ఆపిస్తుంది. ఇంకొన్నింటిలో పలక బొమ్మను మాత్రం సరైన చోట ఆపుతుంది, కిరణం మాత్రం పెట్టిన కాలం దాకా వస్తూనే వుంటుంది. పేరుకు రెండూ ఆటోమాటిక్కే. రోగికి మేలు చేసేది మొదటిది.

కంప్యూటరు బొమ్మ దాచే తప్పు

ఫ్రాన్సు దేశంలో ఫ్రాన్సిస్ మూయాన్ అనే దంతవైద్యుడు రూపొందించిన పద్ధతి 1987లో వచ్చింది. ఫిలిం బదులు నోట్లో ఒక చిన్న పలక పెడతారు, బొమ్మ వెంటనే కంప్యూటరు తెర మీద పడుతుంది. మన పట్నాల్లో డాక్టర్లు "ఆర్.వి.జి. తీయండి" అనేది దీన్నే. కడగటం, ఆరబెట్టటం లేదు. పాత ఫిలింకంటే తక్కువ కిరణంతో పని జరుగుతుంది. ఇది నిజంగా మంచి మార్పు.

అయితే ఇందులో ఒక చిక్కు వుంది. ఫిలిం రోజుల్లో కిరణం ఎక్కువైతే బొమ్మ నల్లబడి తప్పును బయటపెట్టేది. డాక్టరు తిట్టేవాడు, మీట నొక్కినవాడు మర్నాడు కాలం తగ్గించేవాడు. కంప్యూటరు అలా కాదు. కాస్త ఎక్కువైనా వెలుగు నీడలు తానే సర్దేసి చక్కని బొమ్మ చూపిస్తుంది. కిరణం తక్కువైతే మాత్రం బొమ్మ మీద ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి. దాంతో ఏమవుతుంది? చుక్కలు వచ్చినప్పుడల్లా కాలం పెంచుతారు. ఎక్కువైనప్పుడు ఎవరికీ తెలియదు కనుక తగ్గించరు. కొలత అలా కొంచెం కొంచెంగా పైకి పాకుతుంది. బొమ్మ బాగా వచ్చింది కదా అని కొలత సరిగ్గా వున్నట్టు కాదు. అందుకే యంత్రాన్ని కాలానుగుణంగా పరీక్ష చేయించాలని నియమం పెట్టారు.

పిల్లల విషయంలో జాగ్రత్త

కిరణం వల్ల కలిగే హాని వెంటనే కనపడేది కాదు. చిన్న మోతాదుల్లో చర్మం కాలదు, జుట్టు ఊడదు. ఎన్నో ఏళ్ళ తరువాత క్యాన్సరు వచ్చే అవకాశం రవ్వంత పెరగవచ్చునన్నదే శంక. పిల్లల ఒంట్లో కణాలు వేగంగా పెరుగుతుంటాయి. ముందున్న ఆయుష్షు ఎక్కువ. మెడలోని థైరాయిడ్ గ్రంథి దవడకు దగ్గర. అందుకనే పెద్దలకంటే పిల్లల మీద కిరణం ప్రభావం ఎక్కువ. పాలపళ్ళు ఎలాగూ వూడిపోయేవే కదా, ఎక్స్‌రే దేనికి అనుకోవద్దు. పాలపంటి కింద చీము చేరితే దాని కింద వున్న అసలు పన్ను దెబ్బతినవచ్చు. డాక్టరు కావాలంటే తీయించండి. తీసేముందు ఒక్క మాట అడగండి.

"అయ్యా, మా బాబుకు ఏడేళ్ళు. మిషను పిల్లల కొలత మీదనే పెట్టారా?"

"పెట్టానమ్మా. ఇదుగో, ఈ పిల్లవాడి బొమ్మ వున్న బటను నొక్కాను."

ఇంతే. సరిగా పనిచేసేవాడు ఈ మాటకు కోపగించుకోడు. మరిచిపోయినవాడికి గుర్తుకు వస్తుంది.

పిల్లవాడు కదిలితే బొమ్మ చెదిరిపోయి మళ్ళీ తీయవలసి వస్తుంది. అంటే కిరణం రెండింతలు. ముందే బుజ్జగించి, ఏం చేయబోతున్నారో చెప్పి కూర్చోబెట్టండి. ఫిలింను వేలితో పట్టించేకంటే ప్లాస్టిక్ పట్టుకొయ్యతో పట్టించటం మంచిది. వేలు కిరణంలో పడదు, బొమ్మ వంకర పోదు. ఆస్పత్రి మనిషి తన చేత్తో ఫిలిం పట్టుకోనే కూడదు. రోజుకు పాతికమందికి అలా పట్టుకుంటే ఏమవుతుందో కెల్స్ చెయ్యే చెబుతుంది. మీట నొక్కేవాడు రెండు మీటర్ల దూరం జరిగి నిలబడేదీ ఇందుకే. దూరం రెట్టింపైతే కిరణం నాలుగో వంతుకు తగ్గుతుంది.

తల చుట్టూ తిరిగే యంత్రం

జ్ఞానదంతం అడ్డం తిరిగినా, దవడ విరిగినా, వంకర పళ్ళకు తీగ కట్టాలన్నా రెండు దవడలూ ఒకే బొమ్మలో కావాలి. దానికి రోగిని నిలబెట్టి తల చుట్టూ తిరిగే యంత్రంతో తీస్తారు. దీన్ని ఓ.పి.జి. అంటారు. పలక నోటి బయట వుంటుంది కాబట్టి కొలత చూసుకునే ఏర్పాటు ఇందులో కుదురుతుంది. కొన్ని యంత్రాలు తిరగటం మొదలుపెట్టిన క్షణంలోనే దవడను దాటి ఎంత కిరణం వస్తున్నదో చూసి, మిగతా చుట్టుకు కొలత సర్దుకుంటాయి. ఈ ఏర్పాటు లేనివాటిలో మనిషి పరిమాణాన్ని బట్టి బటను నొక్కాలి.

యంత్రానికి కళ్ళు లేవు. అడ్డం వచ్చింది ఎముకా, ఇనుమా అన్నది దానికి తెలియదు. మెడలో సీసపు పట్టీ అడ్డం వస్తే "ఈ మనిషి దవడ చాలా మందం" అనుకొని కిరణం పెంచవచ్చు. రక్షణ కోసం కట్టింది ఎదురు తిరుగుతుంది. చెవికమ్మలు, ముక్కుపుడక, మెడలో గొలుసు, జడపిన్నులు, కట్టుడు పళ్ళు ముందే తీసేయమనేది కూడా వూరకే కాదు. వాటి నీడలు బొమ్మలో పడి పళ్ళను కప్పేస్తాయి. అప్పుడు మళ్ళీ తీయవలసి వస్తుంది. ఆడవాళ్ళు ఇబ్బంది పడకుండా నగలు తీసి వెంట వచ్చినవారి చేతికి ఇవ్వాలి.

సీసపు ఆప్రాన్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. యంత్రాలు మెరుగై కిరణం బాగా తగ్గిపోయింది కనుక పంటి ఎక్స్‌రేలకు ఆప్రాన్, మెడ పట్టీ అక్కరలేదని అమెరికా దంతవైద్యుల సంఘం 2024లో సూచించింది. మన దగ్గర చాలాచోట్ల ఇంకా ఇస్తున్నారు. ఇస్తే కప్పుకోండి. ఇవ్వలేదని మాత్రం పోట్లాడవద్దు. ఆప్రాన్ కంటే ముఖ్యమైనది కొలత. కిరణం బయటికి వచ్చే గొట్టం మూతి గుండ్రంగా కాక, ఫిలిం ఆకారంలో నలుచదరంగా వుంటే ఒంటికి తగిలే కిరణం సగానికి పైగా తగ్గుతుంది.

భయం ఎంత, నిజం ఎంత?

నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనందరికీ ప్రతిరోజూ కొంత కిరణం తగులుతూనే వుంటుంది. ప్రపంచ సగటు ఏడాదికి 2,400 మైక్రోసీవర్టులు. అంటే రోజుకు ఆరు ఏడు. సరైన కొలతతో తీసిన ఒక్క పంటి ఎక్స్‌రే మహా అయితే అలాంటి ఒకటి రెండు రోజులకు సమానం. ఓ.పి.జి. అయితే కొద్ది రోజులకు సమానం. ఈ పాటి దానికి భయపడి చీము పట్టిన పంటిని వదిలేయటం తెలివితక్కువ. ఆ చీము దవడకు, మెడకు పాకితే ప్రాణం మీదికి రావచ్చు.

తలను అన్ని వైపుల నుంచీ చూపే కోన్ బీమ్ సి.టి. లెక్క వేరు. యంత్రాన్ని, తీసే భాగాన్ని బట్టి అది కొన్ని పదుల నుంచి కొన్ని వందల మైక్రోసీవర్టుల దాకా వుంటుంది. దవడ ఎముకలో మరమేకు దించి పన్ను కట్టేటప్పుడు, ఎముకలో లోతుగా ఇరుక్కున్న పన్ను తీసేటప్పుడు దాని అవసరం వుండవచ్చు. మామూలు పిప్పిపన్నుకు అక్కరలేదు.

గర్భవతులు సంగతి ముందే చెప్పాలి. కిరణం దవడ మీద పడుతుందే కాని కడుపు మీద కాదు. కనుక అత్యవసరమైతే తీయవచ్చు. ఆగగలిగినది కాన్పు అయ్యాక తీయించుకోవచ్చు. ఏది ఏదో డాక్టరే తేల్చాలి.

అడగవలసిన మాటలు

మనదేశంలో ఎక్స్‌రే యంత్రాల మీద అజమాయిషీకి ముంబాయిలో అణుశక్తి నియంత్రణ మండలి వుంది. 1983 నవంబరు 15న ఏర్పడింది. పళ్ళ ఆస్పత్రిలోని చిన్న ఎక్స్‌రే యంత్రానికి కూడా దాని అనుమతి కావాలి. పెద్దాస్పత్రికే కాదు, సందులోని ఒక్క కుర్చీ ఆస్పత్రికీ ఇదే నియమం. ఆ కాగితం వున్నదా అని అడగటంలో తప్పు లేదు.

ఇవి గుర్తు పెట్టుకుంటే చాలు:

1. ఈ ఎక్స్‌రే దేనికి? దీనివల్ల వైద్యంలో ఏం తేలుతుంది?

2. పాత ఎక్స్‌రే వుంటే వెంట తీసుకువెళ్ళాలి. కొత్తది తీస్తే బొమ్మను ఫోనుకు పంపమనాలి. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళినా మళ్ళీ తీయవలసిన పని తప్పవచ్చు.

3. పిల్లలయితే యంత్రం పిల్లల కొలత మీద వున్నదా?

4. తీసేటప్పుడు కదలకూడదు. నోట్లో పలక ఇబ్బందిగా వుంటే చెయ్యి ఎత్తి ముందే చెప్పాలి. తీసే క్షణంలో తల తిప్పకూడదు.

5. ఓ.పి.జి. అయితే మెడ, చెవులు, ముక్కు, జడలోని లోహపు వస్తువులన్నీ తీసేయాలి.

ఇంటి ముందుకు వచ్చిన కూరగాయల బండి దగ్గర తూకం ముల్లు చూడకుండా మనం సంచి పట్టం. బిడ్డ నోట్లోకి పోయే కిరణానికీ ఒక తూకం వుంది. దాన్ని చూసే యంత్రం చాలా పళ్ళ ఆస్పత్రుల్లో ఇంకా రాలేదు. వచ్చేదాకా మనిషే చూడాలి. ఆ మనిషికి గుర్తు చేయవలసింది తల్లిదండ్రులే.